అఫెన్సివ్ లైన్ పిక్‌లకు మార్కులు వేయడం ఎలా? కౌబాయ్స్ లెక్కతో

ప్రతి ఏప్రిల్ చివర్లో అమెరికన్ ఫుట్‌బాల్ ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్ (టీమ్‌లు కాలేజీ ఆటగాళ్లను రౌండ్ల వారీగా ఎంచుకోవడం, ఒక్కో ఎంపిక ఒక పిక్) అవగానే నాకు ఒకటే ప్రశ్న వస్తుంది. "అన్నా, మనవాళ్లు మళ్లీ లైన్‌మన్‌నే తీసుకున్నారు. మంచి పని చేశారా, పిక్ వృథా చేశారా?" అడిగేది ఎక్కువగా డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్‌లలో ఉండే తెలుగువాళ్లు. మనవాళ్లు అంటే డాలస్ కౌబాయ్స్. విసిరిన బంతిని పట్టుకునే రిసీవర్‌ను తీసుకుంటే నన్నెవరూ అడగరు. యూట్యూబ్‌లో నాలుగు క్యాచ్‌లు చూసి వాళ్లే తేల్చుకుంటారు. లైన్‌మన్‌కి క్యాచ్‌లు ఉండవు, టచ్‌డౌన్లు ఉండవు. క్రికెట్‌లో వికెట్ కీపర్ లాగే, తప్పు చేసినప్పుడే పేరు వినిపిస్తుంది.

అందుకే నేను వాడే పద్ధతి మొత్తం ఒకచోట రాస్తున్నాను. ఉదాహరణలు ఎక్కువగా కౌబాయ్స్‌వి, కొన్ని ఫిలడెల్ఫియా ఈగిల్స్‌వి. ఈగిల్స్ పేరెత్తితే డాలస్‌లో ఎవరికీ నచ్చదని తెలుసు. కానీ లైన్ విషయంలో వాళ్ల డ్రాఫ్ట్‌లు చూసి నేర్చుకోవలసింది చాలా ఉంది.

ఆటకు కొత్తవాళ్ల కోసం: అఫెన్సివ్ లైన్ అంటే ఐదుగురు. మధ్యలో బంతిని వెనక్కి అందించే సెంటర్, అతనికి అటూ ఇటూ గార్డులు, రెండు చివర్లలో టాకిల్స్. వీళ్లలో ఒక్కొక్కరినీ లైన్‌మన్ అంటారు. బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌ను కాపాడటం, బంతితో పరిగెత్తే రన్నింగ్ బ్యాక్‌కు దారి చేయడం వీళ్ల పని.

మొదలుపెట్టే ముందు ఒక మాట. డ్రాఫ్ట్ మర్నాడు వచ్చే గ్రేడ్లు చదవండి, తప్పు లేదు. వాటిని ఫలితం అనుకోవద్దు. పెళ్లిచూపుల రోజే కాపురం ఎలా ఉంటుందో చెప్పడం లాంటిది అది. లైన్‌మన్‌కి అసలు మార్కులు మూడో సీజన్ అయ్యాకే వేయాలి. అప్పటిదాకా మీరు రాసేవి నోట్స్ మాత్రమే.

దగ్గర పెట్టుకోవలసినవి

- టీమ్ డ్రాఫ్ట్ జాబితా. కనీసం ఐదేళ్లది ఉండాలి.
- ప్రో ఫుట్‌బాల్ రిఫరెన్స్ వెబ్‌సైట్. ఎన్ని ఆటల్లో మొదటి నుంచి దిగాడు, ఎన్ని స్నాప్‌లు (సెంటర్ బంతిని అందించిన ప్రతిసారీ ఒక స్నాప్) ఆడాడు అన్నది అక్కడ ఉచితంగా దొరుకుతుంది.
- ఆల్-22 వీడియో. మైదానంలోని 22 మందీ ఒకేసారి కనిపించే కోణం ఇది. ఎన్‌ఎఫ్‌ఎల్ ప్లస్ ప్రీమియం చందాతో వస్తుంది. చందా కట్టడం ఇష్టం లేకపోతే టీవీ ప్రసారం రికార్డు చేసుకోండి. లైన్ మధ్యభాగం అందులో కూడా బాగానే కనిపిస్తుంది, రీప్లేలు ఇంకా పనికొస్తాయి.
- ఒక నోట్‌బుక్ గానీ ఎక్సెల్ షీట్ గానీ.
- ఫోన్‌లో స్టాప్‌వాచ్.
- ఆటకు గంటన్నర సమయం. హడావిడిగా అరగంటలో చూసేస్తే ఏమీ తేలదు.

1. ఐదేళ్ల పిక్‌లూ ఒకచోట రాయండి

ఒక్క ఆటగాడిని చూసి టీమ్ మీద తీర్పు చెప్పకండి. 2011లో వచ్చిన లెఫ్ట్ టాకిల్ టైరన్ స్మిత్ ఒక్కడినే చూస్తే కౌబాయ్స్‌కు తిరుగులేదనిపిస్తుంది. 2015లో వచ్చిన రిజర్వ్ చాజ్ గ్రీన్ ఒక్కడినే చూస్తే వీళ్లకు ఏమీ తెలియదనిపిస్తుంది. రెండూ నిజం కాదు. 2018 నుంచి 2022 వరకు కౌబాయ్స్ తీసుకున్న లైన్‌మన్ వీళ్లు:

2018: కానర్ విలియమ్స్, 2వ రౌండ్, 50వ పిక్
2019: కానర్ మెక్‌గవర్న్, 3వ రౌండ్, 90వ పిక్
2020: టైలర్ బియాడిష్, 4వ రౌండ్, 146వ పిక్
2021: జాష్ బాల్, 4వ రౌండ్, 138వ పిక్, మ్యాట్ ఫార్నియాక్, 7వ రౌండ్, 238వ పిక్
2022: టైలర్ స్మిత్, 1వ రౌండ్, 24వ పిక్, మ్యాట్ వలెట్స్కో, 5వ రౌండ్, 155వ పిక్

డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోకపోతే తర్వాత నేరుగా ఒప్పందం చేసుకుని వచ్చినవాళ్లను కింద విడిగా రాయండి. 2015లో లయెల్ కాలిన్స్, 2020లో టెరెన్స్ స్టీల్ అలా వచ్చి రైట్ టాకిల్‌గా స్థిరపడ్డవాళ్లే. పిక్‌ల మార్కుల్లో వీళ్లను కలపకండి. టీమ్ స్కౌటింగ్ గురించి మాట్లాడేటప్పుడు మాత్రం మర్చిపోకండి.

2. ఎంత ఖర్చు పెట్టారో పక్కనే రాయండి

24వ పిక్‌తో వచ్చినవాడిని, 238వ పిక్‌తో వచ్చినవాడిని ఒకే తక్కెడలో తూచకూడదు. 1990ల మొదట్లో కౌబాయ్స్ కోచ్ జిమ్మీ జాన్సన్ కాలంలో తయారైన పాయింట్ల పట్టిక ఇప్పటికీ చాలామంది వాడతారు. అందులో మొదటి పిక్‌కు 3000 పాయింట్లు, 16వ పిక్‌కు 1000, 31వ పిక్‌కు 600. మూడో రౌండ్ చివరికి వచ్చేసరికి 150 కూడా ఉండవు. తర్వాత వచ్చిన కొత్త పట్టికలు కింది పిక్‌లకు ఇంకాస్త ఎక్కువ విలువ ఇస్తాయి. ఏదైనా వాడండి, అందరికీ అదే వాడండి.

ఇక్కడ 2013 సంగతి చెప్పాలి. కౌబాయ్స్ తమ 18వ పిక్‌ను శాన్ ఫ్రాన్సిస్కో టీమ్‌కు ఇచ్చి 31, 74 పిక్‌లు తీసుకున్నారు. పాత పట్టిక ప్రకారం 900 పాయింట్లు ఇచ్చి 820 తెచ్చుకున్నారు. ఆ 31వ పిక్‌తో విస్కాన్సిన్ యూనివర్సిటీలో సెంటర్‌గా ఆడిన ట్రావిస్ ఫ్రెడరిక్‌ను తీసుకున్నారు. బేరంలో నష్టపోయారు, పైగా రెండో రౌండ్ ఆటగాడిని మొదటి రౌండ్‌లో తీసుకున్నారు అని గట్టిగా విమర్శలు వచ్చాయి. నేనూ అలాగే అనుకున్నాను. ఫ్రెడరిక్ మొదటి ఐదు సీజన్లలో ఒక్క ఆట కూడా వదలకుండా ఆడాడు, మొత్తం ఐదుసార్లు ప్రో బౌల్‌కు (ఏటా లీగ్‌లోని మేటి ఆటగాళ్లకు దక్కే గౌరవం) ఎంపికయ్యాడు. బేరం కాస్త నష్టమే, ఆటగాడు మాత్రం గొప్ప లాభం. ఈ రెండూ వేరువేరు గడుల్లో ఉండాలి. ఒకే గడిలో రాస్తే ఒకదాని కోపం ఇంకోదాని మీద పడుతుంది.

3. ఆ రోజు టీమ్ అవసరం ఏమిటో, ఏ స్థానానికి తీసుకున్నారో చూడండి

కాలేజీలో ఆడిన చోటే ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఆడాలని లేదు. జాక్ మార్టిన్ నోట్రే డేమ్‌లో లెఫ్ట్ టాకిల్. 2014లో 16వ పిక్‌తో వచ్చాక కౌబాయ్స్ అతన్ని రైట్ గార్డ్‌గా ఆడించారు. ఏడుసార్లు ఆల్-ప్రో (ఆ సీజన్‌లో ఒక్కో స్థానంలో అందరికన్నా మేటివాళ్ల జాబితా) మొదటి జట్టులో నిలిచాడు. 2024లో మూడో రౌండ్‌లో వచ్చిన కూపర్ బీబీ కాన్సాస్ స్టేట్‌లో గార్డ్, ఇక్కడ సెంటర్. అదే ఏడాది మొదటి రౌండ్‌లో వచ్చిన టైలర్ గైటన్ ఓక్లహామాలో రైట్ టాకిల్, ఇక్కడ లెఫ్ట్ టాకిల్. ఓక్లహామా క్వార్టర్‌బ్యాక్ ఎడమచేతి వాటం ఆటగాడు కాబట్టి అక్కడ రైట్ టాకిలే అతని వీపు వైపు కాపలా. అందుకే 'రైట్ టాకిల్ కదా, సులువైన పనే చేశాడు' అని తీసిపారేయకండి.

పక్క మారితే కాళ్ల నిలుపు మారుతుంది, మొదటి అడుగు మారుతుంది, ముందు వెళ్లే చేయి మారుతుంది. కుడిచేత్తో అన్నం తినేవాళ్లను ఎడమచేత్తో తినమన్నట్టు ఉంటుంది. స్థానం మారిన ఆటగాడికి ఒక సీజన్ గడువు అదనంగా ఇవ్వండి. నోట్స్‌లో 'స్థానం మారింది' అని రాయండి.

అనుకున్నది ఒకటి, అయినది ఒకటి కూడా ఉంటుంది. 2022లో టైలర్ స్మిత్‌ను ముందు లెఫ్ట్ గార్డ్‌గా ఆడించాలని ఆలోచన. ఆగస్టులో టైరన్ స్మిత్‌కు తీవ్ర గాయం కావడంతో ఈ కుర్రాడు మొదటి సీజన్‌లోనే లెఫ్ట్ టాకిల్‌గా దిగాల్సి వచ్చింది. తర్వాత గార్డ్‌గా మారి ప్రో బౌల్‌కు వెళ్లాడు. '24వ పిక్ పెట్టి గార్డ్‌ను తెచ్చుకున్నారా' అని అడిగేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. అవసరమైనప్పుడు రెండు చోట్లా నిలబడగలిగేవాడి విలువ వేరు.

4. కొలతలు చూడండి, అక్కడే ఆగిపోకండి

టాకిల్‌కు చేయి పొడవు 33, 34 అంగుళాలు ఉండాలని అంటారు. చేయి పొడవుగా ఉంటే ఎదుటివాడి ఛాతీని ముందుగా అందుకోవచ్చు. నిజమే. కానీ క్లీవ్‌లాండ్ లెఫ్ట్ టాకిల్ జో థామస్ చేతులు 32న్నర అంగుళాలే. అతను వరుసగా 10,363 స్నాప్‌లు ఆడి హాల్ ఆఫ్ ఫేమ్‌కు వెళ్లాడు. మార్టిన్ చేతులూ పొట్టివే, గార్డ్‌గా మార్చడానికి అదొక కారణం. నేను కొలతలకు మార్కులు వేయను. వీడియోలో ఏం వెతకాలో తెలుసుకోవడానికి వాడతాను. చేయి పొట్టిగా ఉందంటే, వేగంగా బయటి నుంచి వచ్చేవాడి ముందు ఏం చేస్తున్నాడో ఎక్కువగా చూడండి. బెంచ్ ప్రెస్ ఎన్నిసార్లు ఎత్తాడన్నది పూర్తిగా వదిలేసినా నష్టం లేదు.

5. మైదానంలో ఉన్నాడా లేదా లెక్కపెట్టండి

ఒక సీజన్‌లో టీమ్ అఫెన్స్ (బంతి చేతిలో ఉన్నప్పుడు దిగే జట్టు) దాదాపు వెయ్యి నుంచి 1,150 స్నాప్‌లు ఆడుతుంది. లైన్‌మన్‌ను సాధారణంగా మధ్యలో మార్చరు కాబట్టి, ఆరోగ్యంగా ఉన్న స్టార్టర్ (ఆట మొదటి నుంచీ దిగేవాడు) దాదాపు అన్నీ ఆడతాడు. ప్రతి సీజన్‌కు అతను ఆడిన శాతం రాయండి. ఆడని స్నాప్‌ల పక్కన మూడింటిలో ఒక కారణం రాయండి: గాయం, బెంచ్, ముందు సీనియర్ ఉండటం. ఈ మూడింటినీ కలిపేయడం పెద్ద తప్పు. మెక్‌గవర్న్ మొదటి సీజన్ మొత్తం గాయంతో పోయింది. అది ఆట రాకపోవడం కాదు.

జాగ్రత్త: అఫెన్స్ స్నాప్‌ల గడి మాత్రమే చూడండి. రిజర్వ్ లైన్‌మన్‌లను ఫీల్డ్ గోల్ (బంతిని తన్ని పాయింట్లు తెచ్చుకోవడం) సమయంలో అడ్డంగా నిలబెడతారు. అవి వేరే గడిలో ఉంటాయి. రెండూ కలిపితే 17 ఆటలూ ఆడాడే అనిపిస్తుంది.

టైరన్ స్మిత్ విషయంలో నాకు ఇప్పటికీ మనసు బరువెక్కుతుంది. ఆడినప్పుడు అంత అందంగా ఆడిన లెఫ్ట్ టాకిల్‌ను నేను డాలస్‌లో చూడలేదు. కానీ 2016 నుంచి కౌబాయ్స్‌తో ఏ సీజన్‌లోనూ అన్ని ఆటలూ ఆడలేకపోయాడు, 2020లో రెండే ఆడాడు. 2011లో 9వ పిక్‌గా అతను అద్భుతమైన ఎంపికే. ఆ తర్వాత ఏళ్లలో అతని వెనక ఎవరున్నారన్నది టీమ్ మీద వేరే ప్రశ్న. 2017 నవంబర్‌లో అట్లాంటాలో అతను ఆడని రోజు, 2015 మూడో రౌండ్ పిక్ చాజ్ గ్రీన్ లెఫ్ట్ టాకిల్‌గా దిగాడు. అట్లాంటా ఆటగాడు ఏడ్రియన్ క్లేబోర్న్ ఒక్కడే 6 శాక్‌లు (క్వార్టర్‌బ్యాక్‌ను బంతి విసరకముందే పడగొట్టడం) చేశాడు. రిజర్వ్‌గా తీసుకున్న పిక్ కూడా పిక్కే. అతనికీ మార్కులు వేయాలి.

6. వీడియో చూడండి. బంతిని వదిలేసి చూడండి

అసలు పని ఇదే. మిగతావన్నీ తొందరగా చేసినా దీనికి మాత్రం సమయం ఇవ్వండి.

ముందు ఆటల ఎంపిక. సీజన్‌కు మూడు చాలు, కానీ ఏవి పడితే అవి కాదు. ఒకటి, పేరున్న పాస్ రషర్ (క్వార్టర్‌బ్యాక్ మీదికి దూసుకొచ్చే ఎదుటి ఆటగాడు) ఎదురుగా ఉన్న ఆట. రెండు, బయటి ఊళ్లో గోల ఎక్కువగా ఉండే స్టేడియంలో ఆట. అక్కడ క్వార్టర్‌బ్యాక్ కేక వినపడదు, ఫాల్స్ స్టార్ట్‌లు (బంతి కదలకముందే కదిలిపోవడం) బయటపడతాయి. మూడు, డిసెంబర్ ఆట. ఒళ్లంతా దెబ్బలతో ఉన్నప్పుడు ఎలా ఆడతాడో అప్పుడు తెలుస్తుంది. అభిమానులు కత్తిరించి పెట్టిన రెండు నిమిషాల క్లిప్పులు చూసి లెక్క వేయకండి.

తర్వాత నంబర్ గుర్తుపెట్టుకోండి. టైలర్ స్మిత్ 73, మార్టిన్ 70. ఒక్కసారికి ఒక్క ఆటగాడినే చూడండి. బంతి ఎటు పోయిందో ఆ స్నాప్ అయ్యాక చూసుకోవచ్చు. మొదట్లో కళ్లు వాటంతటవే బంతి వెంట వెళ్తాయి. నాకు అలవాటు కావడానికి దాదాపు ఒక సీజన్ పట్టింది. తెర కింది సగాన్ని అట్టతో మూసి చూడటం కొందరికి పనికొస్తుంది. నాకైతే శబ్దం ఆపేయడం ఎక్కువ సాయం చేసింది. కామెంటేటర్ గొంతు పెరిగితే మన కళ్లు అటే పోతాయి.

పాస్ స్నాప్‌లో, అంటే క్వార్టర్‌బ్యాక్ బంతి విసిరేటప్పుడు, చూడవలసినవి ఇవి:

మొదటి రెండు అడుగులు. బంతి కదిలిన క్షణానే కదిలాడా, ఎదుటివాడు కదిలాక కదిలాడా?

చేతులు. ముందు తగిలింది ఎవరి చేతులు? లోపలి నుంచి ఛాతీ మీద పడ్డాయా, బయటి నుంచి భుజాల చుట్టూ పడ్డాయా? బయటి నుంచి పడేవాడికి ఇవాళ కాకపోతే రేపైనా హోల్డింగ్ (ఎదుటివాడిని పట్టుకుని ఆపడం) పెనాల్టీ తప్పదు, అంటే 10 గజాలు వెనక్కి.

నడుము. ఎదుటివాడు నేరుగా గుద్దుకుంటూ వచ్చినప్పుడు మోకాళ్లు వంచి కూర్చున్నట్టు నిలబడ్డాడా, నడుము దగ్గర వంగి ముందుకు తూలాడా? తూలేవాడిని మంచి రషర్ రెండో క్వార్టర్‌కల్లా కనిపెట్టేస్తాడు. ఆ తర్వాత అదే ఎత్తు పదేపదే వేస్తాడు.

తల. ఇద్దరు రషర్లు అడ్డంగా స్థానాలు మార్చుకున్నప్పుడు పక్కవాడికి అప్పగించి కొత్తవాడిని అందుకున్నాడా? కుర్ర లైన్‌మన్‌లు ఎక్కువగా తప్పేది ఇక్కడే. ఇది మెరుగవడానికి పక్కనున్నవాడితో కలిసి ఆడిన ఆటల సంఖ్య కూడా పెరగాలి.

ఇప్పుడు స్టాప్‌వాచ్. బంతి కదిలినప్పటి నుంచి 2.5 సెకన్లు. ఈఎస్‌పీఎన్ తన పాస్ బ్లాక్ లెక్కకు వాడే గీత కూడా ఇదే. అప్పటిదాకా ఎదుటివాడిని ఆపితే 'గెలుపు', దాటనిచ్చి క్వార్టర్‌బ్యాక్‌ను కదిలేలా చేస్తే 'ఓటమి'. ఇద్దరు కలిసి ఒక్కడిని ఆపితే 'జంట' అని రాసి లెక్కలోంచి తీసేయండి. సెంటర్, గార్డులకు అలాంటివి చాలా వస్తాయి. వాటిని గెలుపుల్లో కలిపితే ఎవరైనా గొప్పవాడిలా కనిపిస్తాడు. ఎవరి పనో అర్థం కానప్పుడు ఖాళీగా వదిలేయండి. కోచ్ ఏం చెప్పాడో మనకు తెలియదు. ఊహించి మార్కు వేయడం కన్నా ఖాళీ గడి మేలు.

రన్ స్నాప్‌లో, అంటే బంతితో పరిగెత్తేటప్పుడు, మూడే చూస్తాను. తగిలాక కూడా కాళ్లు ఆడుతూనే ఉన్నాయా? ఎదుటివాడు ఉన్నచోటి నుంచి కదిలాడా? స్నాప్ ముగిసేసరికి మనవాడు నిలబడి ఉన్నాడా, నేల మీద ఉన్నాడా? ఈ మూడోది చిన్న విషయంలా కనిపిస్తుంది. ఒక ఆటలో ఎన్నిసార్లు నేల మీద పడి ఉన్నాడో లెక్కపెట్టి చూడండి. నా నోట్స్‌లో అన్నిటికన్నా నమ్మకంగా నిలిచిన గుర్తు అదే.

7. అంకెలతో సరిచూసుకోండి

శాక్‌లు, ప్రెషర్లు (క్వార్టర్‌బ్యాక్‌ను తొందరపెట్టిన సందర్భాలు), పెనాల్టీలు వీడియో తర్వాతే చూడండి. ముందే చూస్తే కన్ను వాటినే వెతుకుతుంది. ఒక శాక్ లైన్‌మన్ ఖాతాలో పడిందంటే తప్పు అతనిదే అని కాదు. క్వార్టర్‌బ్యాక్ నాలుగు సెకన్లు బంతి పట్టుకుని నిలబడితే ఎవరూ ఏమీ చేయలేరు. అలాగే బంతిని రెండు సెకన్లలో వదిలేసే క్వార్టర్‌బ్యాక్ ముందు సాధారణ లైన్ కూడా బాగున్నట్టు కనిపిస్తుంది.

పరుగుల విషయంలో 2014 తర్వాత డాలస్‌లో జరిగింది ఒక మంచి పరీక్ష. స్మిత్, ఫ్రెడరిక్, మార్టిన్ ముగ్గురూ ముందున్నప్పుడు రన్నింగ్ బ్యాక్ డెమార్కో మర్రే 2014లో 1,845 గజాలతో లీగ్‌లోనే మొదటివాడయ్యాడు. మరుసటి ఏడాది ఈగిల్స్‌కు వెళ్లి 702 గజాలే చేశాడు. డాలస్‌లో అదే లైన్ వెనక డారెన్ మెక్‌ఫాడెన్ ఆ ఏడాది 1,089 చేశాడు. 2016లో ఎజెకియెల్ ఎలియట్ మొదటి సీజన్‌లోనే 1,631తో మళ్లీ లీగ్‌లో మొదటి స్థానం. వెనక పరిగెత్తేవాళ్లు మారారు, ముందు ఆ ముగ్గురూ మారలేదు. మీ టీమ్‌లో రన్నింగ్ బ్యాక్ మారిన ఏడాది ఇలాంటి పోలిక వెతకండి. ఎలియట్ గొప్ప ఆటగాడు కూడా కాబట్టి మొత్తం పుణ్యం లైన్‌కే కట్టబెట్టకండి.

8. రెండో ఒప్పందం దగ్గర ఏం జరిగిందో చూడండి

డ్రాఫ్ట్ అయినవాడి మొదటి ఒప్పందం నాలుగేళ్లు. మొదటి రౌండ్ వాళ్లకు మాత్రం ఐదో ఏడాది ఆప్షన్ (టీమ్ కావాలనుకుంటే ఇంకో ఏడాది పొడిగించుకునే వీలు) ఉంటుంది, దాన్ని టీమ్ మూడో సీజన్ తర్వాత మే మొదట్లోపు తేల్చాలి. రోజూ ప్రాక్టీస్‌లో అతన్ని చూసేవాళ్లు సొంత డబ్బు పెట్టి ఇచ్చే మార్కు అది. టైరన్ స్మిత్, ఫ్రెడరిక్, మార్టిన్, టైలర్ స్మిత్ నలుగురికీ కౌబాయ్స్ పెద్ద ఒప్పందాలు ఇచ్చారు.

మరి వెళ్లిపోయినవాళ్ల సంగతి? కానర్ విలియమ్స్ మయామీకి, మెక్‌గవర్న్ బఫెలోకు, బియాడిష్ వాషింగ్టన్‌కు వెళ్లి అక్కడా స్టార్టర్లుగా ఆడారు. వదిలేశారు కాబట్టి పిక్ చెడ్డదని రాసేవాళ్లు చాలామంది. నేను ఒప్పుకోను. వేరే టీమ్ స్టార్టర్‌గా జీతం ఇచ్చిందంటే పిక్ పాసైనట్టే. ఉంచుకోవాలా వద్దా అన్నది డబ్బు లెక్క, ఇంకో నిర్ణయం.

9. అదే డ్రాఫ్ట్‌లో తర్వాత ఎవరు వెళ్లారో చూడండి

పిక్ తర్వాతి ఇరవై ఎంపికల్లో అదే స్థానం ఆటగాళ్లను మాత్రమే పోల్చండి. వాళ్లందరికన్నా బాగుంటే ప్లస్, మధ్యలో ఉంటే సున్నా, అందరికన్నా వెనకపడితే మైనస్. ఇరవై దాటి వెతికితే ఎవరైనా తప్పు చేసినట్టే కనిపిస్తారు, ఎందుకంటే అప్పుడు 31 టీమ్‌లూ తప్పు చేసినట్టే. 2011లో ఈగిల్స్ 23వ పిక్‌తో గార్డ్ డానీ వాట్కిన్స్‌ను తీసుకున్నారు. రెండు సీజన్లకే వదులుకున్నారు. అదే డ్రాఫ్ట్‌లో 191వ పిక్‌తో తీసుకున్న జేసన్ కెల్సీ ఆరుసార్లు ఆల్-ప్రో మొదటి జట్టు సెంటర్ అయ్యాడు. వాట్కిన్స్ పిక్‌కు మైనస్ వేయండి, కెల్సీ పిక్‌కు ప్లస్ వేయండి. ఒకటి ఇంకోదాన్ని కొట్టేయదు.

10. మొత్తం వేయండి

నేను నాలుగు గడులకు ఐదేసి మార్కులు వేస్తాను: అందుబాటు, వీడియోలో స్థాయి, రెండో ఒప్పందం, తోటివాళ్లతో పోలిక. మొత్తం 20. తర్వాత ఖర్చును బట్టి గీత మార్చుతాను. మొదటి రౌండ్ వాడు 13 దాటాలి, మొదటి ఏడాది నుంచే ఆడాలి. రెండు, మూడు రౌండ్లవాడు మూడో ఏడాదికల్లా స్టార్టర్ అయి 10 దాటితే పాస్. నాలుగు నుంచి ఏడు రౌండ్లవాడు టీమ్‌లో నిలిచి, అవసరమైనప్పుడు దిగి ఆటను కాపాడితే చాలు. ఈ గీతలు నేను పెట్టుకున్నవి. మీకు వేరేగా అనిపిస్తే మార్చుకోండి. కానీ ఆటగాడి పేరు చూశాక మార్చకండి.

పైన రాసిన ఏడుగురిలో నా లెక్క ప్రకారం విలియమ్స్, మెక్‌గవర్న్, బియాడిష్, టైలర్ స్మిత్ పాసయ్యారు. బాల్, ఫార్నియాక్, వలెట్స్కో స్టార్టర్లుగా నిలదొక్కుకోలేదు. ఏడుకు నాలుగు. పోయిన మూడూ నాలుగో రౌండ్, ఆ తర్వాతవి. బియాడిష్ కూడా నాలుగో రౌండే, ఫ్రెడరిక్ రిటైరైన ఏడాదే వచ్చి సెంటర్‌గా నిలబడి 2022లో ప్రో బౌల్‌కు వెళ్లాడు. దీన్ని నేను మంచి ఐదేళ్లు అంటాను. కింది రౌండ్లలో రిజర్వ్ టాకిల్ దొరకకపోవడం మాత్రం లోటే.

ఎక్కువమంది చేసే తప్పులు

తొందరపాటు. ఈగిల్స్ 2018లో 233వ పిక్‌తో తీసుకున్న జోర్డన్ మైలాటా అప్పటిదాకా అమెరికన్ ఫుట్‌బాల్ ఆడనేలేదు, రగ్బీ నుంచి వచ్చాడు. మొదటి రెండు సీజన్లలో ఒక్క ఆటా ఆడలేదు. 2020లో దిగాడు, తర్వాత లెఫ్ట్ టాకిల్ స్థానం అతనిదే. రెండేళ్లకే మార్కులు వేసినవాళ్లు సున్నా వేసి ఉంటారు.

మనసులో ఉన్న ఆటగాడితో పోల్చడం. 2014లో చాలామంది మార్టిన్ బదులు క్వార్టర్‌బ్యాక్ జానీ మాన్జియెల్ రావాలని కోరుకున్నారు. కోరిక తీరలేదన్న కోపం మార్టిన్ మొదటి ఆటల మీద పడింది. ఎవరు రావాలని కోరుకున్నారో కాగితం మీద రాసి పక్కన పెట్టేయండి.

గార్డ్‌ను టాకిల్ గీతతో కొలవడం. గార్డ్‌కు రెండు వైపులా సాయం ఉంటుంది, టాకిల్ చాలాసార్లు ఒంటరి. మరోవైపు గార్డ్‌కు తగిలేది ఇంకా బరువైనవాళ్లు, ఇంకా తక్కువ జాగాలో. ఒకే స్థానం వాళ్లతోనే పోల్చండి.

ఒక్క చెడ్డ ఆటను పట్టుకుని వేలాడటం. ఎంత మంచి లైన్‌మన్‌కైనా ఏడాదికి ఒకటి రెండు అలాంటి ఆటలు ఉంటాయి. అందుకే మూడు ఆటలు అన్నాను.

మీ లెక్క సరిగ్గా ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

మొదటి పరీక్ష ఇద్దరిది. ఒకే ఆటలో ఒకే ఆటగాడి 20 పాస్ స్నాప్‌లను మీరు, మీ స్నేహితుడు విడివిడిగా చూసి గుర్తు వేయండి. మాట్లాడుకోకండి. 20లో 16 కలిస్తే మీ కన్ను కుదిరినట్టే. 12 దగ్గర ఆగితే 'ఓటమి' అంటే ఏమిటో మీ ఇద్దరికీ వేరువేరు అర్థాలున్నాయి. అదొక్కటి తేల్చుకుని మళ్లీ చూడండి.

రెండోది మీతో మీరే. రెండు వారాల తర్వాత అదే ఆట పాత గుర్తులు చూడకుండా మళ్లీ చూడండి. నాలుగైదు కన్నా ఎక్కువ మారితే మొదటిసారి తొందరపడ్డారని అర్థం.

మూడోది పాత డ్రాఫ్ట్. ఫలితం అందరికీ తెలిసిన 2014 మార్టిన్ మొదటి సీజన్ ఆటలు మూడు తీసుకుని మీ పద్ధతి నడపండి. అతనికి మంచి మార్కులు రాకపోతే లోపం మీ పద్ధతిలో ఉంది. అలాగే తేలిపోయిన పిక్ ఒకటి తీసుకోండి. దానికీ మంచి మార్కులే వస్తే మీరు 'జంట' స్నాప్‌లను తీసేయడం మర్చిపోయి ఉంటారు. నూటికి తొంభైసార్లు కారణం అదే.

ఇక ఈ ఏడాది ఎక్కువమంది అడిగేది గైటన్ గురించి. మొదటి సీజన్‌లో పెనాల్టీలు ఎక్కువే పడ్డాయి, పక్క కూడా మారాడు. అతని మార్కుల గడి నేను ఇంకా ఖాళీగానే ఉంచాను. 2026 సీజన్ ముగిశాక, 2027 మే మొదట్లో టీమ్ ఐదో ఏడాది ఆప్షన్ తేల్చేలోపు, మూడు సీజన్లకు మూడేసి ఆటల చొప్పున తొమ్మిది ఆటల లెక్క సిద్ధం చేసుకోండి. 2025లో 12వ పిక్‌తో వచ్చిన గార్డ్ టైలర్ బుకర్‌కు ఇంకో ఏడాది ఆగాలి.